వంతెన సందులో కాపురం

వంతెన కార్యాలయం,
ఈవలి ఒడ్డు.
ఎండలు మొదలైన వారం.

వదినగారికి నమస్కారం.

మీరు వెళ్లేటప్పుడు నాలుగు ముక్కలైనా రాయమన్నారు. ఒంట్లో బాగానే ఉంది. ఇల్లు బాగానే ఉంది. రెండు దేశాలకూ ఈమధ్య స్నేహం కుదిరింది కాబట్టి, వచ్చే నెలలో వంతెన మధ్య సందు పూడ్చేస్తున్నాం.

మీ మరిది


గబ్బిలాల ఒడంబడిక కార్యాలయం,
మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయని వైపు.

మరిదిగారికి,

నాలుగు ముక్కలు రాయమంటే లెక్కపెట్టి నాలుగే వాక్యాలు రాసే మనిషిని మా నాన్న చెల్లెలికి ఎక్కడ గాలించి పట్టుకొచ్చాడో. చెల్లెలు పోయి ఆర్నెల్లయింది. ఈ ఆర్నెల్లలో మీ చేతి రాత చూడడం ఇదే మొదలు. మీ వాక్యాల్లో రెండోదీ మూడోదీ అబద్ధాలు. నాలుగోది నిజమేమోనని భయంగా ఉంది.

నా ఉద్యోగం ఏమిటని చుట్టాల్లో ఎవరడిగినా మీరు ‘ఏదో జంతువుల ఆఫీసు’ అని తప్పించుకునేవారు. అందుకని మళ్లీ చెబుతున్నాను, కాస్త చెవిన వేసుకోండి. గబ్బిలం ఒక దేశంలో పడుకుంటుంది, ఇంకో దేశంలో తింటుంది, చలి రాగానే మూడో దేశానికి పోతుంది. ఎవరి ముక్క వాళ్లు కాపాడితే కాపాడినట్టు కాదు. అందుకని కొన్ని దేశాలు కూడబలుక్కుని ఒడంబడిక రాసుకున్నాయి. ఆ దేశాల చేత ఉత్తరాలకు జవాబులు రాయించడం నా పని. అందులో నాకు మంచి పేరే ఉంది. మీ దగ్గరే అది పనిచేయలేదు.

ఇక మీ సందు. దాన్నిండా గబ్బిలాలున్నాయి. మీరు వంతెన చూస్తారు గాని వంతెనలో ఎవరుంటున్నారో చూడరు. చెల్లెలు నాకు రాసిన ప్రతి ఉత్తరంలోనూ వాటి కబుర్లుండేవి. సాయంత్రం మీ ఆఫీసు వదిలే వేళకి నడుచుకుంటూ వంతెన మీదికి వచ్చేది కదా, మీ కోసమనుకున్నారా? వాటి కోసం. అవి బయల్దేరడం చూసి, వెనక్కి వచ్చి, దారిలో ఉన్నారు కదా అని మిమ్మల్ని ఇంటికి తీసుకుపోయేది. చిన్నబుచ్చుకుంటారని మీకు చెప్పొద్దంది.

ఏం పూడుస్తున్నారు, ఎప్పుడు, దేనితో? పొడిపొడి మాటలు కుదరవు. వివరంగా రాయండి.

వదిన


వంతెన కార్యాలయం.

వదినగారికి నమస్కారం.

ఆమె నా కోసమే వస్తోందనుకున్నాను. సరే.

వివరాలు అడిగారు. కాంక్రీటు ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. అందుకని పొడవాటి వంతెనను ఒకే ముక్కగా కట్టరు. మధ్యలో చెయ్యి దూరేంత సందు వదిలి, పైన రబ్బరు పట్టీ వేస్తారు. మా వంతెన సందు సరిగ్గా సరిహద్దు మీద పడింది. ఈవలి గోడ మాది, అవతలి గోడ వాళ్లది. మధ్యనున్న ఖాళీ ఎవరిదో ఒప్పందంలో రాయలేదు. రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. వేయాల్సింది మీరంటే మీరని రెండు ప్రభుత్వాలూ ఇన్నేళ్లుగా వాదించుకున్నాయి. ఆ తగవు తెగలేదు కాబట్టే అందులో గబ్బిలాలు చేరాయి.

ఇప్పుడు తెగింది. స్నేహానికి గుర్తుగా పైన కొత్త రబ్బరు వేస్తాం, కింద నుంచి గట్టిపడే నురగ కొడతాం. వచ్చే నెల ఆఖరి గురువారం ఇద్దరు మంత్రులు వచ్చి చెరోవైపు గొట్టం పట్టుకుంటారు. పందిరి మాది, కుర్చీలు వాళ్లవి.

గబ్బిలాల గురించి దిగులు పడకండి. ఆలోచించాను. చీకటి పడేసరికి అన్నీ బయటికి పోతాయి. పోయాకే పూడుస్తాం. అందుకోసం సభ సాయంత్రానికి మార్పించాను. దీపాల వెలుగులో ఫొటోలు బాగుంటాయని మంత్రులూ ఒప్పుకున్నారు.

మీ మరిది


ఒడంబడిక కార్యాలయం,
కిటికీ పక్క బల్ల.

మరిదిగారికి,

మీ ఉత్తరం ఆఫీసులో పైకి చదివాను. ‘దిగులు పడకండి’ అన్న దగ్గర మా టైపిస్టు కుర్చీలోంచి లేచి నిలబడింది.

మంచి మనసుతోనే ఆలోచించారు, కాదనను. కానీ బయటికి పోయేవి తల్లులు. పిల్లలు పోవు. తల్లికి ఏడాదికి ఒక్కటే కాన్పు, ఒక్కటే పిల్ల. ఇప్పుడిప్పుడే పుడుతున్నాయి. మీ గురువారానికి సందు నిండిపోతుంది. ఒంటి మీద నూగు కూడా సరిగా లేకుండా గోడ పట్టుకుని గుంపుగా వేలాడుతుంటాయి. తల్లి తిండి తిని తిరిగొచ్చి, అంత గుంపులోనూ తన పిల్ల గొంతు గుర్తుపట్టి వెతుక్కుంటుంది. ఆమె వెనక్కొచ్చే వేళకి మీరు మంత్రుల చేత తలుపు మూయిస్తున్నారు. మీరు చేసిన పని ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది కాబట్టి లోపలున్నవి ఒక్కటీ బయటపడవు.

నా చేతిలో ఉన్నంత చేశాను. రెండు దేశాలూ మా ఒడంబడిక మీద సంతకాలు పెట్టినవే. మీ దేశంలో గబ్బిలం అడవుల శాఖ కిందికి వస్తుంది. వాళ్లకు రాస్తే, వంతెన అడవి కాదు కదా అన్నారు. అవతలి దేశంలో గబ్బిలాన్ని ఎలుకల నిర్మూలన విభాగం చూసుకుంటుంది. వాళ్లు వెంటనే జవాబిచ్చారు. ఎంత మందు కావాలన్నా ఉచితంగా పంపి సహకరిస్తారట.

సభ్యదేశాల కమిటీ వానలు వెలిశాక గాని కూచోదు. అక్కడ ఏదో ఒకటి సాధిస్తాను. కానీ పిల్లలకు రెక్కలు రావాలంటే మీ గురువారం తర్వాత ఇంకో నెల కావాలి. ఆ నెల మీరే ఆపాలి. పని మొదలుపెట్టొచ్చని సంతకం చేసేది మీరు. మంత్రి కాదు, నేనూ కాదు.

వదిన


వంతెన కార్యాలయం.

వదినగారికి నమస్కారం.

పిల్లల సంగతి నాకు తెలీదు. తెలిశాక పోయి చూశాను.

సందు ఇద్దరిదీ కాబట్టి అవతలి ఇంజనీరును కూడా రమ్మన్నాను. మావాళ్లు అతన్ని ఆకుపచ్చాయన అంటారు. మమ్మల్ని అడక్కుండా తన సగం రెయిలింగుకు ఆకుపచ్చ రంగు వేయించాడు. మా సగం బూడిద రంగు. ఇన్నేళ్లలో అతనూ నేనూ కొలతలు తప్ప వేరే మాట్లాడుకున్నది లేదు. ఇద్దరం తాళ్లతో దించే మరమ్మతుల తొట్టిలో వంతెన కిందికి దిగాం. తొట్టిలో సగం అవతలి దేశంలో ఉంది కాబట్టి అతను ఆ సగంలోనే నిలబడ్డాడు.

అవి బెదరకుండా ఎర్ర కాగితం చుట్టిన టార్చి వేసి చూశాం. మీరు రాసినట్టే ఉన్నాయి. ఆకుపచ్చాయన చాలాసేపు చూసి, ‘ఎక్కువ మీ గోడకే ఉన్నాయి’ అన్నాడు. పొద్దుటి ఎండకు మా గోడ ముందు వేడెక్కుతుందని, మధ్యాహ్నానికి వాళ్ల గోడకు మారతాయని చెప్పాను. ‘పాస్‌పోర్టు లేకుండానా’ అన్నాడు. హాస్యమని కాసేపటికి అర్థమైంది.

అవి అరిచి, ఆ అరుపు తిరిగొచ్చే తీరును బట్టి ఎదురుగా ఏముందో తెలుసుకుంటాయని కూడా చెప్పాడు. నేను సుత్తితో కాంక్రీటును కొట్టి, చప్పుడు విని, లోపల డొల్లో గట్టో చెబుతాను. ఒకే పని. అతనికి వీటి గురించి అంత ఎలా తెలుసో అడగలేదు.

మా పై అధికారికి చెప్పాను. చిన్న ప్రాణుల కోసం స్నేహం వాయిదా వేయలేమన్నారు. నేను సంతకం పెట్టకపోతే పెట్టే మనిషిని పంపిస్తామన్నారు. ఉమ్మడి ఒప్పందం మొత్తం చదివాను. ఒక్క దారి ఉంది. సందు కొలతల మీద ఇద్దరు ఇంజనీర్లకూ తగవు వస్తే, అది తీరేదాకా ఎవరూ పని మొదలుపెట్టకూడదు.

మాకు తగవు లేదు. అదే చిక్కు.

తెచ్చుకుందాం అన్నాడు ఆకుపచ్చాయన. అతను పొద్దున కొలవాలి, నేను మధ్యాహ్నం కొలవాలి. ఎండకు సందు ఇరుకవుతుంది కాబట్టి రెండు అంకెలూ వేరే వస్తాయి, రెండూ నిజమే. తర్వాత అధికారుల ముందు ఎవరి అంకె వాళ్లు పట్టుకుని గొంతు చించుకోవాలట.

అబద్ధం కాదు కాబట్టి ఒప్పుకున్నాను. కానీ గొంతు చించుకోవడం నాకు చేతకాదు. ఏం చేయమంటారు?

మీ మరిది


మా ఇల్లు,
వంటింటి బల్ల.

మరిదిగారికి,

ఈ ఉత్తరం ఒడంబడిక కార్యాలయం రాయలేదు. మీ భార్య అక్క రాసింది. రెండు దేశాల మధ్య తగవు పెట్టమని సలహా ఇచ్చానని తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. ఇన్నేళ్లుగా వాళ్లను కలపడానికే జీతం తీసుకుంటున్నాను.

మీకు చేతకాదని నాకు తెలీదా. పెళ్లయిన కొత్తలో చెల్లెలు మీతో ఒక్కసారైనా పోట్లాడి తీరాలని పంతం పట్టింది. ఒక సెలవురోజు పొద్దుటినుంచీ సాధించిందట. మీరు అంతా విని, సాయంత్రం గ్లాసుడు మంచినీళ్లు తెచ్చి, ‘అలిసిపోయి ఉంటావు’ అన్నారట. ‘అక్కా, గోడతో పెట్టుకున్నా కాస్త పెచ్చయినా ఊడేది’ అని రాసింది నాకు.

కాబట్టి ఇప్పటికైనా నేర్చుకోండి. మా పుట్టింటి పద్ధతి చెబుతాను. మొదటి మాట ‘క్షమించండి’ అయి ఉండకూడదు. అవతలివాడి మాట పూర్తికానివ్వకూడదు. అడిగినదానికి జవాబు చెప్పకూడదు, పాతది తవ్వాలి. వంతెన మీద మొదలుపెట్టినా వంతెన మీదే ఉండిపోకూడదు. అక్కణ్ణుంచి రంగు మీదికి, రంగు మీంచి అతని తాతముత్తాతల మీదికి పోవాలి. ‘మీరు’ నుంచి ‘నువ్వు’కి దిగాలి, అదీ ఊపు వచ్చాకే. ఎదుటివాడు చెప్పింది న్యాయంగా ఉన్నా ఒప్పుకోకూడదు. మీకు కష్టమయ్యేది అక్కడేనని నా భయం.

అద్దం ముందు నిలబడి సాధన చేయండి. చెల్లెలు ఉంటే సాధన అక్కర్లేకుండా అవతలి గట్టు మీంచి కూడా వినబడేలా చేసి చూపించేది.

చదివి చింపేయండి.

వదిన


వంతెన కార్యాలయం,
సాయంత్రం.

వదినగారికి,

తగవు జరిగింది. వివరంగా రాయమంటారు కాబట్టి రాస్తున్నాను.

సభకు ఇంకా వారం ఉండగా రెండువైపుల అధికారులూ ఏర్పాట్లు చూడ్డానికి వచ్చారు. పందిరి లేచింది. కుర్చీలు వేశారు. నేను నా కొలత చదివాను. ఆకుపచ్చాయన తన కొలత చదివాడు. తేడా వచ్చింది. ‘క్షమించండి, మీ కొలతలో పొరపాటు ఉన్నట్టుంది’ అన్నాను. మొదటి మాటే తప్పిందని నాకూ తెలిసింది.

అతను నన్ను ఉరిమి చూశాడు. గొంతు పెంచి, బూడిద రంగు పూసుకునేవాళ్లకు కొలతలేం తెలుస్తాయన్నాడు. ఆకుపచ్చ ఎండకు త్వరగా వెలిసిపోతుందన్నాను. అది నిజమేనని ఒప్పుకున్నాడు. ఈసారి ఏ కంపెనీ రంగు తెప్పిస్తే మంచిదని అడిగాడు. కాసేపు దాని గురించి మాట్లాడుకున్నాం.

మా పై అధికారి నవ్వారు. ఇదీ ఒక తగవేనా, రెండు అంకెలూ కలిపి సగం చేద్దాం, స్నేహమంటే అదే కదా అన్నారు. అవతలి అధికారి బాగుంది బాగుంది అంటూ కలం తీశారు. అక్కడ ఆయన సంతకం పడితే గురువారం నురగ పడినట్టే.

ఆకుపచ్చాయన నావైపు చూశాడు. పాతది తవ్వమన్నారు మీరు. తవ్వి చూస్తే ఒక్కటే ఉంది.

‘నువ్వు మాట్లాడకు’ అన్నాను. నిజానికి అతను అప్పుడేమీ మాట్లాడ్డం లేదు. ‘మా ఆవిడ పోయింది. ఇన్నేళ్లు నాతో కలిసి పనిచేసినవాడివి, ఈ సందుకి అవతలే ఉన్నవాడివి. ఒక్క మాట అనడానికి రాలేదు నువ్వు.’

గొంతు పెద్దదే వచ్చింది. రెండువైపుల కాపలావాళ్లూ గదుల్లోంచి బయటికొచ్చారు. కింద పడవవాడు తెడ్డు వేయడం ఆపేశాడని తర్వాత చెప్పారు. ఇంకా ఏవేవో అన్నాను. అన్నీ గుర్తులేవు. తాతముత్తాతల దాకా పోలేదు.

ఆకుపచ్చాయన మొహంలో నటన పోయింది. అతనూ అరిచాడు.

‘వచ్చాను. రోజూ సాయంత్రం ఇక్కడే నిలబడి గబ్బిలాల్ని చూసేదావిడ. నేను నావైపు నిలబడి చూసేవాణ్ణి. వాటి గురించి నాకు తెలిసిందంతా ఆవిడ చెప్పిందే. రావడం మానేస్తే మీ కాపలావాణ్ణి అడిగాను. చెప్పాడు. పూలు పట్టుకుని వచ్చాను. పత్రం లేందే దాటనివ్వనన్నాడు. ఈ రెయిలింగుకే కట్టి పోయాను. మర్నాడు చూస్తే లేవు. ఎవడు తీశాడు?’

సెలవు ముగించుకుని పనిలోకి వచ్చిన రోజు రెయిలింగుకు పూలు కట్టి ఉన్నాయి. ఎవరో పెళ్లివాళ్లు ఫొటోల కోసం కట్టారనుకున్నాను. వంతెనకు ఏదీ కట్టకూడదని నిబంధన. మేస్త్రీని పిలిచి తీయించాను.

‘నేనే’ అన్నాను.

తర్వాత ఇద్దరం రెయిలింగు పట్టుకుని నిలబడ్డాం. అతను ఆకుపచ్చది, నేను బూడిదది.

అధికారులు కలాలు జేబుల్లో పెట్టుకున్నారు. వీళ్ల మధ్య ఉన్నది కొలతల తగవు కాదని, ఇది తీరకుండా మంత్రుల్ని పిలిస్తే రెండు దేశాల పరువూ పోతుందని తేల్చారు. సభ వాయిదా పడింది. ఎప్పటికని రాయలేదు. కుర్చీలు వాళ్లు తీసుకుపోయారు. పందిరి మేం విప్పాం.

మీ మరిది


మా ఇల్లు.

మరిదిగారికి,

మీ ఉత్తరం చదివాను. రెండోసారి చదవబోయి సొరుగులో పెట్టేశాను.

పోట్లాట వచ్చింది మీకు. వినాల్సిన మనిషి వినలేదు, అంతే.

ఆ పూలాయనకు నా నమస్కారం చెప్పండి. సాయంత్రాలు పోయి పిల్లలకు రెక్కలు వచ్చాయో లేదో చూసి రాయండి. ఆఫీసు పనికి కావాలి. కాదు, ఊరికే కావాలి.

వదిన


వంతెన కార్యాలయం.
వానలు వెలిశాక.

వదినగారికి నమస్కారం.

మీ కమిటీ నిర్ణయం రెండువైపులకూ చేరింది. చలికాలం అవి వెళ్లిపోయాక పైన రబ్బరు వేస్తాం. కింద ఎప్పటికీ తెరిచే ఉంచుతాం. నురగ డబ్బాలు తిప్పి పంపేశాం. ఎలుకల నిర్మూలనవాళ్లు కూడా సంతకం పెట్టారని చూసి ఆశ్చర్యపోయాను. వాళ్లనేం చేశారో అడగను.

పిల్లలు ఎగిరిన సంగతి అప్పుడు రెండు ముక్కల్లో రాశానని కోప్పడ్డారు. మళ్లీ రాస్తున్నాను. మొదటి సాయంత్రం చాలావాటికి ధైర్యం చాల్లేదు. కొన్ని సందులోంచి జారి, నీళ్ల దాకా పోయి, అక్కడ రెక్కలు విప్పుకుని లేచాయి. ఒకటి నా చొక్కా మీద వాలింది. బరువేమీ లేదు. అది వెళ్లేదాకా నేను కదల్లేదు. ఆకుపచ్చాయన కూడా ఊపిరి బిగబట్టాడు. ఇప్పుడు తల్లేదో పిల్లేదో చూసి చెప్పలేం.

ఒక చిక్కు వచ్చింది. మా ఇద్దరినీ కలపడానికి రెండు ప్రభుత్వాలూ ఉమ్మడిగా రాజీ సంఘం వేశాయి. ఇన్నేళ్లూ ఎడమొహం పెడమొహంగా ఉన్న అధికారులు మా తగవు పుణ్యమా అని ఒకే బల్ల దగ్గర కూచుంటున్నారు. ఒకరినొకరు మెచ్చుకుంటున్నారు కూడా. మేం రాజీపడితే వాళ్లకు కలిసి చేయడానికి పని ఉండదు, మళ్లీ పాత గొడవల్లోకి పోతారని ఆకుపచ్చాయన అంటాడు. ఆలోచిస్తే నిజమే అనిపించింది. అందుకని ఇద్దరం ససేమిరా అన్నాం. పైకి మాకు మాటల్లేవు.

కానీ మీ కమిటీ షరతు ఒకటుంది. గబ్బిలాలు బయల్దేరే వేళకు రెండువైపుల ఇంజనీర్లూ సందు దగ్గర ఉండి చూడాలి. రోజూ పోతున్నాం. చెరోవైపు మొహం తిప్పుకుని నిలబడతాం.

నిన్న రాజీ సంఘం అధ్యక్షుడు దూరంగా కారు ఆపుకుని మమ్మల్ని గమనిస్తున్నాడు. అవి ఇంకా బయటికి రాలేదు. సందులో రొద మాత్రం వినిపిస్తోంది. ఆకుపచ్చాయన నది వైపే చూస్తూ, పెదవులు కదపకుండా, అవి ఇలా ఆలస్యం చేస్తే మీ ఆవిడ వాటిని తిట్టేది అన్నాడు. ఏమని తిట్టేదని అడిగాను. నేనూ పెదవులు కదపలేదు.

‘ఇంకా ఎంతసేపు లోపల, బయట ఒక మనిషి నిలబడి ఉందని లేదా?’ అనేదట.

నా ఆఫీసు కిటికీ కింద నిలబడి ఆమె నన్ను అనే మాటే. అదే మాట, అదే వరస.

మేం పళ్లు బిగించి తిట్టుకుంటున్నామని, రాజీకి ఇంకా చాలా సమయం పడుతుందని అధ్యక్షుడు రాసుకుపోయాడు.

అవి వచ్చాయి. అన్నీ వెళ్లేదాకా చూశాం. ఆవిడ తిట్లు ఇంకా చాలా ఉన్నాయన్నాడు ఆకుపచ్చాయన. ఒక్కసారే చెప్పొద్దన్నాను. రోజుకొకటి చెప్పమన్నాను.

మీ మరిది